గురువారం ఇళ్లు

ఎవరు మెరుగ్గా ఉన్నారు, బ్రెజిల్ వాళ్లా, కెన్యా వాళ్లా?
ఊరి సర్వే కాగితం అడిగింది.
ఒక్క గడిలో టిక్కు పెట్టమంది.
ఫిబ్రవరి చివరి వారం, పన్నుల కాలం.
లోవెల్‌లో మెర్రిమాక్ నది మీద మంచు
ఇంకా పలకలు పలకలుగానే ఉంది.
నా ఆఫీసంటే ఒక గది, మూడు కుర్చీలు,
కింది కొట్లోంచి వచ్చే డోనట్ల వాసన.

జుసారా వచ్చింది,
బ్లీచు తినేసిన వేళ్లతో.
వారానికి పద్నాలుగు ఇళ్లు తుడుస్తుంది.
స్పైరల్ పుస్తకంలో రాసుకుంది:
మంగళవారం, కుక్కున్న ఇల్లు.
బుధవారం, బూట్లు విప్పాల్సిన ఇల్లు.
ఆ పుస్తకమే ఆవిడ పట్టాదారు పాస్‌బుక్కు.
ఇళ్లను కౌలుకివ్వొచ్చు, అమ్మొచ్చు,
ఎకరాల లెక్కన కాదు, నెలల రాబడి లెక్కన.
నోట్లిస్తారు, రసీదివ్వరు.
రెక్కాడితేగాని డొక్కాడదంటామే,
గోడలకి పలకలు బిగించే మొగుడు వాల్డెయిర్‌కి
జనవరిలో ఆ రెక్కే జారింది.
తొమ్మిదితో మొదలయ్యే నంబరు మీద
ఏటా పన్ను కడుతుంది.
తిరిగేమొస్తుందని అడగదు.
తలుపు ఎవరైనా గట్టిగా కొడితే మాత్రం
ముందు దీపం ఆర్పుతుంది.

కెమున్తో వచ్చింది,
రాత్రి డ్యూటీ నుంచి నేరుగా, నలిగిన నీలం బట్టల్లో.
కిసీలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పిన మనిషి.
ఇక్కడ రెండు గంటలకోసారి
ముసలివాళ్లని పక్కకి దొర్లిస్తుంది, పుండ్లు పడకుండా.
రెండు నర్సింగ్ హోములు, రెండు జీతాల కాగితాలు,
ఒక్క మడత లేకుండా తెచ్చింది.
నా కూడికలో తప్పు నాకంటే ముందే పట్టింది.
పన్నుకి కొంత, బీమాకి కొంత, కొడుకు కాలేజీకి కొంత,
చెక్కు ఇంటికొచ్చేసరికి ఎండిన కాలువ.
పోయిన నెల ఎవరో తమవాడు పోయాడట,
పెట్టెలో నైరోబీ పంపాలి.
చర్చి హాల్లో చందా,
ఫోను గ్రూపులో పేరూ, పక్కన అంకె.
ఇవ్వకపోతే? అన్నాను.
"అప్పుడు నన్నెవరు పంపుతారు?"

ఒకరికి కాగితం లేదు, డబ్బుంది,
ఒకరికి డబ్బు లేదు, కాగితముంది
అని రాసేస్తే బావుండేది.
కానీ జుసారా వదినకి గ్రీన్‌కార్డుంది, అద్దె బాకీ కూడా ఉంది.
కెమున్తో పినతల్లి కొడుకు
ఆయాల్ని పంపే కంపెనీ పెట్టి
తోలు సీట్ల కారులో తిరుగుతున్నాడు.
గడి చిన్నది.

ఇద్దరూ లేవలేదు.
జుసారా ఫోన్లోకి పోర్చుగీసులో మాట్లాడింది,
ఫోను ఇంగ్లీషులో చెప్పింది:
నడుం నొప్పి. గురువారం ఇళ్లు నాలుగూ అమ్మేస్తాను.
కెమున్తో నా క్యాలిక్యులేటర్ లాక్కుంది.
వారానికి ఐదొందల ఇరవై. ఎనిమిది వారాలు.
"నాలుగు వేలు," అంది ఫోను.
"మూడు వేల రెండొందలు."
నోరు నొచ్చిందాకా బేరం.
మూడు వేల ఆరొందల దగ్గర తెగింది.

డబ్బెక్కడిదని నేనడగలేదు, తనే చెప్పింది.
ఇరవై మంది ఆడవాళ్లు, తలా రెండొందలు,
ఈ నెల తన వంతు.
మేం చీటీ అంటాం, అన్నాను.
మా పిన్ని చీటీ పాడే కుట్టు మిషను కొంది.
"మరి మేం పాడం, వంతులు రాసుకుంటాం," అంది టీచరు గొంతుతో.
మిగిలే నాలుగొందలో?
"ఇంకో చావుకి."

లెక్కలు చెప్పినదానివి, బాత్రూములు కడుగుతావా?
అడిగాక నాలుక కరుచుకున్నాను.
"వారానికొక్క రోజే.
ఆ ఇళ్లలో ఎవరూ నా చేతుల్లో పోరు కదా."

ఈ అమ్మకం ఏ ఫారంలో ఏ గీత మీద రాయాలో
నాకిప్పటికీ తెలీదు.
జుసారా గురువారం పేజీ చింపింది.
ఇస్తూ ఇస్తూ ఆగి,
ఫోను పక్కన పెట్టి,
వచ్చీరాని ఇంగ్లీషులో తనే చెప్పింది:
మూడో ఇంటావిడ చెంచాలు లెక్కపెడుతుంది.
నువ్వు ముందే లెక్కపెట్టుకో.