దారంతో కోసిన గుడ్డు

ఈ నెల గుడ్లు నాలుగు రోజులు ఆలస్యంగా
పంటు దాటి వచ్చాయి.
గోదారి ఇంకా ఎర్రగానే ఉంది.
అట్టలు విప్పి చూస్తే పదకొండు పగిలాయి.
పగిలినవీ నా ఖాతాలోనే రాస్తారు.

ఎస్తేరుకి ఏడో నెల.
బరువు నలభై ఒక్క కిలోలు.
పోయిన నెలా నలభై ఒకటే.
లోపలి బిడ్డ పెరుగుతోంది కాబట్టి
ఆ మేరకు ఎస్తేరు తరుగుతోందన్నమాట.
ఈ లెక్క వేయడానికి రిజిస్టర్లో గడి లేదు.

తెల్లారగట్ల మూడింటికి
రొయ్యల షెడ్డు ఆటో లంక రేవులో హారను కొడుతుంది.
ఐసులో చేతులు ముంచి తలలు గిల్లీ గిల్లీ
పదకొండున్నరకి నా దగ్గరికొస్తుంది,
వేళ్ళు తెల్లగా నానిపోయి.
వేలిముద్ర పడదు.
అందుకని ఫోను ఇప్పుడు ముఖం అడుగుతోంది.

రెప్ప వెయ్యి ఎస్తేరూ.
ఇంకోసారి.
కాస్త వెలుతురు వైపు తిరుగు.
సరిపోలలేదు, అంటుంది ఫోను.

ఆధార్ ఫొటోలో పదిహేనేళ్ళ పిల్ల,
పూర్ణం బూరెల్లాంటి బుగ్గలు.
గుడ్డు ఆ పిల్లకి మంజూరైంది,
ఈమెకి కాదు.
అయినా పెడతాను. ఎలాగో తర్వాత చెబుతాను.

వండింది ఇక్కడే తినాలి, చాప మీద, నా ఎదురుగా.
అన్నం తింటుంది, తోటకూర పప్పు తింటుంది,
పాల గ్లాసు అడుగుదాకా వంపుకుంటుంది.
నేను గరిటె కోసం అటు తిరగ్గానే
గుడ్డు కొంగులోకి జారిపోతుంది.
అటు తిరగడం నాకూ అలవాటైంది.

కెజియాకి నాలుగేళ్ళు.
పుట్టింది అమ్మమ్మ గారింట్లో,
పేరింకా అవతలి గట్టు సెంటర్లోనే ఉండిపోయింది.
పేరు లేకపోయినా అన్నం పెట్టగలను.
అన్నానికి గరిటె లెక్క, గుడ్డుకి తల లెక్క.

మొన్న చేతి కొలత పట్టీ తీసుకుని వాళ్ళింటికెళ్ళాను.
కెజియా జబ్బకి చుడితే పసుపు రంగు దగ్గర ఆగింది.
అప్పుడే ఎస్తేరు కొంగు విప్పింది.
వల కుట్టే దారం, ఒక కొస పళ్ళ మధ్య, ఒక కొస వేళ్ళకి.
గుడ్డు మీద రెండుసార్లు లాగింది.
మూడు ముక్కలు, తూచినట్టు.
కెజియాకొకటి,
దగ్గుతూ మంచం పట్టిన అత్తకొకటి,
బడి మానేసి చేపల చెరువు కాపలా కాస్తున్న మరిదికొకటి.

దారానికి అంటిన పచ్చసొన
తను నాకింది.
అదీ ఆమె వాటా.

ఆ సాయంత్రం రిజిస్టర్లో
గర్భిణి గుడ్డు తిన్నదా, అన్నచోట
పెన్ను చాలాసేపు ఆగింది.
చివరికి అవునని టిక్కు పెట్టాను.
సిరా ఆరేలోపు మూసేస్తే
ఎదురు పేజీకీ అంటుకుంది.

ఈ రోజు అటు తిరగలేదు.
మోకాళ్ళు మడిచి ఎదురుగా కూర్చున్నాను.
"ఒకటి కొంగుకి, ఒకటి నోటికి. తిను."
"ఆయ్," అంది తలెత్తకుండా.
దొంగతనం చేస్తున్నట్టు గబగబా నమిలింది,
పొలమారింది,
నీళ్ళిచ్చి వీపు రాశాను.
వీపంతా ఎముకలే తగిలాయి నా చేతికి.

పదకొండు పగిలాయన్నాను కదూ మొదట్లో,
పగిలినవి ఎనిమిది.
జీతంలో కోత మాత్రం పదకొండుకీ పడుతుంది.
పడనీ.

మూడోది గడప మీద కూర్చున్న కెజియా అరచేతిలో పెట్టాను.
కొరకలేదు.
అటు తిప్పి ఇటు తిప్పి చూసి
వాళ్ళమ్మ దగ్గరికి పట్టుకెళ్ళి అడిగింది:

"అమ్మా, దారమేదీ?"