మూడేళ్ళ బెల్లం

శామ్లీ దాటాక, కైరానా తోవలో
పుష్యమాసపు మంచుకి దారి కనబడదు.
వాసన కనబడుతుంది.
చెరకు పిప్పి మంట మీద మూడు బాణళ్ళు,
పక్కన దగ్గుతూ తిరిగే డీజిల్ గానుగ.
అక్కడ సైకిలు దిగుతాడు మా ఉస్తాద్,
హకీమ్ ముఖ్తదిర్ సాబ్.
వెనక క్యారియర్ మీద పద్నాలుగేళ్ళ నేను,
నా ఒళ్ళో ఖాళీ జాడీ.

రిసాలో తాయి చెయ్యెత్తి ఆగమంటుంది.
దంచిన బెండకాడల జిగురు
మరిగే రసంలో పోసి
మురికిని పైకి పిలుస్తోంది.
నిజంగానే పిలుస్తుంది, పేరు పెట్టి:
"రావే నల్లమొహమా, రా, ఎంతసేపు దాక్కుంటావ్?"
అది తెట్టు కట్టి వస్తుంది, సిగ్గుపడుతూ.

చన్నీళ్ళలో ముంచిన రెండు వేళ్ళ మధ్య
పాకం తీగ సాగుతుంది.
వేళ్ళు మాత్రం నాకదు.
ఓణీకి తుడుచుకుంటుంది.

"కొత్తది గొంతులో కూర్చుంటుంది," అంటాడు ఉస్తాద్,
"పాతది గొంతు విడిపిస్తుంది. మూడేళ్ళది తియ్యి."
అటక మీంచి కుండ దిగుతుంది.
నల్లగా, చెమ్మగా, రాత్రిని ముద్ద చేసినట్టు.
శొంఠితో కలిస్తే దగ్గుకి,
వాముతో కలిస్తే ఈనిన గేదెకి,
నువ్వులతో కలిస్తే ఊరికే తినడానికి.

ఆ ఏడే, చెరకు కొట్టే కిర్పా పిక్క
కత్తికి తెగి, కుళ్ళి, కంపు కొడుతుంటే
వేపనీళ్ళతో కడిగి
గాయం నిండా పొడి చక్కెర పోశాడు ఉస్తాద్.
"చీమలు పట్టవా?" అన్నాను.
"కట్టు గట్టిగా కట్టు. ప్రశ్నలు తర్వాత."
తొమ్మిదో నాటికి
దానిమ్మ గింజ రంగులో కొత్త కండ.
ప్రశ్న నాలోనే ఉండిపోయింది.

తాయి అడిగింది ఒకరోజు:
"నీ కొట్లో ఎన్ని జాడీలు?"
"నలభై ఒకటి."
"తీపి లేనిది ఒక్కటుందా? పదేళ్ళయింది నాకు షుగర్."
ఉస్తాద్ నన్ను చూశాడు. నేను జాడీని చూశాను.
ఖమీరా, మాజూన్, షర్బత్,
అన్నీ పాకంలో మునిగి బతికేవే.
"మెంతులు..." అన్నాడు, "కాకర గింజలు..."
"అవి నా వంటింట్లోనే ఉన్నాయి.
వాటికి నువ్వెందుకు?"
బాణలి కింద మంట కూడా నవ్వింది ఆ రోజు.

కాలవ కింద నాలుగు బీఘాలు ఆమెవి.
యూరియా తిని తిని
ఎంత అడిగినా పలకని నేల,
బెల్లం కొట్టిన రాయి.
విరిగిన అచ్చులు, అమ్ముడవని అడుగు మడ్డి
నీలం డ్రమ్ములో కరిగించి
నాటావు పేడ, పంచితం, శనగపిండి,
గట్టు మీది తుమ్మ మొదట్లోంచి
పిడికెడు మట్టి కలిపి
పొద్దునా సాయంత్రం తిప్పేది.
నాలుగో రోజుకి గుడగుడలు.
డ్రమ్ముకి చెవి ఆనించి
"తింటోంది," అనేది
పెట్టిన వాళ్ళకే వచ్చే గొంతుతో.
"నేను తినలేనిది ఇది తింటోంది."
నాలుగో ఏట వానపాము కనబడితే
చుట్టాన్ని చూపించినట్టు చూపించింది.

వెళ్ళేటప్పుడు ఒకసారి
కుండలోంచి చిన్న పెళ్ళ గిల్లి నా నోట్లో పెట్టింది.
"నువ్వు తిని చెప్పు."
కళ్ళు మూసుకుంది, వినడానికి.
నేను నములుతూ
ఎంత వెతికినా దొరికిన మాట ఒక్కటే:
"తియ్యగా ఉంది."
కళ్ళు తెరిచి చూసింది నన్ను.
"నువ్వు హకీమ్‌వి కాలేవురా."

అయ్యాను. ఇప్పుడు నలభై ఆరు జాడీలు.
ఈ పుష్యంలో బాణలి దగ్గర ఆమె కోడలు మున్నీ.
తీగ చూసి, వేళ్ళు నాకి, తల ఊపుతుంది.
మూడేళ్ళ కుండ దించమన్నాను.
అంటే, తాయి చేతిలో ఆఖరి కుండ.

పెళ్ళ నాలుక మీద పెట్టుకున్నాను.
ముందు పొగ.
తర్వాత కొంచెం ఉప్పన, ఆ కాలవనీళ్ళది.
ఆపైన బెండకాడల పచ్చివాసన, పోయీ పోనట్టు.
ఇంకా ఉంది, తాయీ.
ఆగు.