ఇంకొకటి కావాలంట

రాత్రి తొమ్మిదిన్నర. వనపర్తిలో షట్టరు సగం దించి
ఫోను హాట్‌స్పాట్ మీద కూసున్న.
పొద్దున పదింటికి పెబ్బేరోళ్లు వస్తరు,
మూడొందల కార్డులు.
పెండ్లిపిల్ల పేరు జ్యోత్స్న.
నా తెర మీద ఆ పిల్ల మూడు ముక్కలై
నడుమ చుక్కల సున్న ఒకటి,
పన్ను ఊడిన జాగల నాలుక తగిలినట్టు.

పాత సిస్టం పోయిన నెల వైరస్ తగిలి సచ్చింది.
పాలిటెక్నిక్ పిల్లగాడు షాదుల్ పెన్‌డ్రైవ్ తెచ్చి
"ఇది ఉత్తగనే అక్కా, దొంగ సీడీ కాదు" అని
లినక్స్ ఎక్కించి పోయిండు.
ఉత్తగ వచ్చింది ఉత్తగ ఊకుంటదా,
అడుగుడు మొదలుపెట్టింది.

పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ కావాలన్న.
దానికి ఒక లైబ్రరీ కావాలంట.
ఆ లైబ్రరీకి ఇంకొకటి.
ఆ ఇంకొకటికి ఇంకొకటి, పేరు నోరు తిరగదు.
దాన్ని ఎవరు రాసిండ్రో, ఏ ఊర్లె, ఏ చలి రాత్రి,
పెబ్బేరు పెండ్లి ఒకటి తమ మీద ఆగి ఉన్నదని
వాళ్లకు ఎవరు చెప్పాలె.
నలభై ఏడు ప్యాకేజీలు, నూట ముప్పై ఎంబీ,
సరేనంటే వై కొట్టమన్నది.
కొట్టిన.

ఇరవై తొమ్మిదో దాని కాడ కరెంటు పోయింది.
యూపీయస్ రెండు నిమిషాలు కీచుమని మొత్తుకుని
అది గూడ పండుకున్నది.

మూలకు కుర్మయ్య తాత,
చీకట్ల గూడ కవర్లు మడుస్తనే ఉన్నడు.
మా మామ ట్రెడిల్ మిషన్ కొన్ననాడు
దాని వెంబడి వచ్చినోడు.
మిషన్ పాతినుప సామాన్లకు పోయి పన్నెండేండ్లాయె.
ఈయన పోలే.
పొమ్మని ఎవ్వరం అనలే, ఉండుమని గూడ అనలే.

"అప్పట్ల గూడ గంతే బిడ్డా" అన్నడు.
"అక్షరం ఒక గూట్లె, ఒత్తు ఇంకో గూట్లె.
అక్క అని కూర్చాలంటే క కింద ఒత్తు దొరకాలె.
దొరకకుంటే గౌస్ సాబ్ ప్రెస్సుకు ఉరుకుడు,
గుప్పెట్ల నాలుగు సీసం ఒత్తులు తెచ్చుడు,
పని అయినంక కిరోసిన్‌తోని కడిగి
లెక్కవెట్టి ఇచ్చుడు.
గీ జ్యోత్స్న మాత్రం మాతోని కాకపోవు.
జోస్న అని కొట్టి
పిల్ల తండ్రికి చాయ్ తాపి ఒప్పిస్తుంటిమి."

కరెంటు వచ్చింది.
సగం ఎక్కినై, సగం ఎక్కలే.
విరిగినదాన్ని అతికించే ఆజ్ఞ
షాదుల్ అట్టముక్క మీద రాసి పెట్టిండు,
అక్షరం అక్షరం చూసుకుంట కొట్టిన.
ఇప్పుడు వేరే పంచాది:
ఒకదానికి పాత వెర్షనే కావాలె,
ఇంకోదానికి కొత్తదైతేనే కడుపు నిండుతది,
ఒక్క పొయ్యి కాడ ఇద్దరు తోడికోడండ్లు.
షాదుల్‌కు ఫోన్ చేస్తే ఎత్తలే.
ఒకదాన్ని తీసి, ఇంకోదాన్ని వెట్టి,
మల్ల తీసి, మల్ల వెట్టి

పదకొండు నలభైకి నిలబడ్డది పిల్ల.
త కింద స, స కింద న,
బాయి మెట్లు దిగినట్టు.
చుక్కల సున్న లేదు.

అయిపోయింది అనుకున్న.
కింద ఇంకో మాట చెప్పింది మిషన్:
ఈ ఆరు వేరేవాటి కోసమని వాటంతట అవే వచ్చినై,
ఇప్పుడు ఎవ్వరికీ అక్కెర లేవు,
కావాలంటే తీసేసుకో.

చదివిన. మల్ల చదివిన.
ఆరు పేర్లు.
దేని వెంబడి ఏది వచ్చిందో
నాకైతే యాది లేదు.

"ఏమంటున్నది బిడ్డా?"
గోటితోని కవరు అంచు గీస్తూ అడిగిండు తాత.

"ఏం లేదు తాతా. జాగా మస్తుగ ఉన్నదంట."

లేచి వచ్చిండు, మోకాలు పట్టుకుని.
అద్దాలు నొసటికి ఎత్తి
తెరకు ముక్కు ఆనించినంత దగ్గర చూసిండు.
"న ఒత్తు జర ఎడమకు పోయింది. జరుపు."

నిజమే. పోయింది.