గిన్నెల మీది పేర్లు

తిరుపతిలో చెవుల డాక్టరమ్మ
మొగవాళ్ళకు గళ్ళూ ఆడవాళ్ళకు సున్నాలూ గీసి చూపించి
"దగ్గరి సంబంధమైతే రెండు గీతలు కలపండి" అంది.
పలమనేరు బస్సులో మొదలుపెట్టాను.
మొగిలి కనుమ ఎక్కేసరికి
కాగితమంతా రైలు పట్టాలు.

తమ్ముడు చెంగల్రాయుడి కొడుక్కు మూడేళ్ళు.
వెనకాల పళ్ళెం కిందపడినా తిరిగి చూడడు.

మాది గంధోళ్ళ ఇల్లు, అమ్మది పసలోళ్ళది.
నాకు తెలిసి ఎవరూ ఈ రెండు వాకిళ్ళు దాటి పిల్లను వెతకలేదు.
వానలు తప్పిన ఏడు కుండమార్పిడి:
ఒక పందిరి, రెండు పెళ్ళిళ్ళు, ఖర్చు సగం.
గంధోళ్ళ ఇంట పుట్టి అవ్వ పోగొట్టుకున్న ఇంటిపేరు
అవ్వ తమ్ముణ్ణే చేసుకుని అమ్మ తిరిగి తెచ్చుకుంది.
ఆ లెక్కన అవ్వ నాకు మేనత్త.
కోపమొస్తే అత్తా అనేదాన్ని, ఆకలేస్తే అవ్వా అని.

రిజిస్ట్రారాఫీసులో పాత భాగపత్రాలు తిరగేయించాను.
తూర్పున ఎర్రప్ప చింతమాను, పడమట వంక...
సెంటు బీడుకు కూడా నాలుగు హద్దులు రాశారు.
ఆడవాళ్ళకు పేరే రాయలేదు,
"సదరు వారి భార్య" అని ఒక వేలిముద్ర.

అందుకని అటకెక్కాను.
ఇత్తడంతా దించి చింతపండేసి తోమితే
చుక్కచుక్కలుగా లేచొచ్చారు.
ప. కుప్పమ్మ బోకి,
గం. సుబ్బరత్నమ్మ దబర,
అదే సుబ్బరత్నమ్మ 'ప.' పెట్టుకుని ఇంకో గిన్నె మీద,
పెళ్ళికి ముందొకటి, తర్వాతొకటి.
అన్నిటికన్నా అడుగున సొట్టపోయిన చెంబు:
"చెంచి".
ముందు అక్షరం లేదు.

దొరసామి తాతకు తొంభై దాటాయి.
చెంబును వేళ్ళతో తడిమి నవ్వినాడు.
"ఆయమ్మది మన రెండిళ్ళూ కాదు మే.
మా నాయన చెప్తావుండె,
ధాత కరువులో గంజితొట్టి కాడ దొరికిన బిడ్డంట.
గంధోళ్ళే సాకి కోడల్ని చేసుకున్యారు.
మాట లేదు, వినిపించదు.
అంతా చేత్తోనే చెప్తావుండెనంట."

చెంబు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

సంగటి ముద్ద ఇంక చాలనడానికి
మేం మణికట్టు తిప్పి గడ్డం కింద పెడతాం.
పులుసులో ఉప్పు తక్కువైతే రెండు వేళ్ళు రుద్దుతాం.
పసలోళ్ళూ అంతే.
చిత్తూరు హాస్టల్లో పిల్లలు నవ్వేదాకా
లోకమంతా ఇంతే అనుకున్నాను.

డాక్టరమ్మ కాగితం మీద చివరి సున్నా గీశాను.
దాన్నించి పైకి పోయే గీత లేదు.
అట్లే వదిలేశాను.

రాత్రి తమ్ముడి పెళ్ళాం పిల్లోడికి ముద్దలు పెడుతోంది.
మూడో ముద్దకు వాడు
మణికట్టు తిప్పి
గడ్డం కింద పెట్టుకున్నాడు.
"ఇంకొక్కటి నాయనా" అంటోంది వాళ్ళమ్మ,
గట్టిగా,
వీధి చివరిదాకా వినిపించేటట్టు.