ఉన్ని

పలమనేరు దాటాక, గుట్ట కింద కొట్టంలో
పుంగనూరు ఆవు చెవి వెనక వేళ్ళు పెట్టి
రెడ్డెమ్మ అంది: “ఉన్ని వుండాది సూడు మే.”
ఉన్ని అంటే నాకు చలికాలం, స్వెట్టరు.
మాది రేపల్లె.
ఆమె గిల్లి తీసి నా అరచేతిలో పెట్టింది.
బూడిదరంగు, ఉలవగింజంత,
ఇంకా కాళ్ళాడిస్తోంది.
మా వైపు గోమారి అంటాం.
ఈ మాట కింద అరవదేశంలోదట,
గుడియాత్తం సంతనించి
ఎవరి నోట్లో కూర్చుని ఘాటెక్కిందో
ఎవరూ రాసిపెట్టుకోలేదు.

నేను వచ్చింది రక్తానికి.
మెడ నరంలో సూది, ఊదామూత గొట్టం,
మొగిలి ఘాటు మలుపుల్లో ఒళ్ళో ఐసుడబ్బా.
తిరుపతిలో దిగేసరికి
మోకాళ్ళు మొద్దుబారాయి.

తెర మీద నాలుగే అక్షరాలు.
వాటి మధ్య ఒక వాక్యం.
మళ్ళీ అదే, తోక తెగి.
మళ్ళీ అదే, తల లేకుండా.
మళ్ళీ, తిరగబడి, సగం అరిగి.
ధనుంజయులు సారు వెనకనించి తొంగిచూసి
“పప్పు ఏరుకోమ్మా, పొట్టుతో నీకేం పని” అన్నారు.
రెడ్డెమ్మ ఆవు ఏడాదంతా తినేది
చెనక్కాయ కట్టేనని నేను చెప్పలేదు.

ఆవు జీనోములో దాదాపు నాలుగోవంతు
ఆ వాక్యమే, దాని తునకలే.
అదే వాక్యం పాముల్లో ఉంది, బల్లుల్లో ఉంది.
ఆవు ఇంకా ఆవు కాని కాలంలో
పొలుసు మీద తాగిన గోమారి ఒకటి
బొచ్చు మీదికి పాకి ఉంటుంది.
ఉంటుంది, అంతే.
చూసిన కళ్ళు రాయి కూడా కాలేదు.

అన్నీ మేలుచేసేవి కావు.
ఒకటి సరిగ్గా జన్యువు నడుమ దూకుతుంది,
చదువుతున్న పుస్తకంలో చెంచా విసిరినట్టు.
పుట్టకుండా పోయిన దూడల లెక్క
ఏ రిజిస్టరులోనూ లేదు.
అందుకే కణం వాటి నోళ్ళకు లక్క వేస్తుంది.
లక్క ఊడినచోట, ఎప్పుడో ఒకసారి,
పక్క జన్యువుకు కొత్త స్విచ్చు దొరుకుతుంది.
ఎప్పుడో ఒకసారి. ఆ మాట నాకు ముఖ్యం.

పదకొండో రోజు ఫోను.
నేను వెళ్ళేటప్పటికి దూడ నేల మీద,
నా మోకాలెత్తు కూడా లేదు.
మాయ ఇంకా పడలేదు.
దానికోసం ముగ్గురం కూర్చున్నాం,
రెడ్డెమ్మ, నేను, గుమ్మంలో కుక్క.
ఊరికే ఉండలేక చెప్పాను:
కడుపులో కణాన్ని కణానికి కలిపి కుట్టే సూది
ఒకప్పుడొక వైరసుది,
లోపలికి దూరడానికి తెచ్చుకున్నది,
అది పోయింది, సూది మిగిలింది,
దాంతో కుట్టిన చోటే తల్లీ బిడ్డా ఆనుకునేది.

రెడ్డెమ్మ కుక్కని అదిలించింది.
“మా అత్త అట్నే వచ్చె కిష్ణగిరినించి.
కరువులో, రొండునాళ్ళు వుంటానని.
ఇప్పుడు మడి ఆమె పేరు మీదే వుండాది.”
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

మాయ పడింది. తట్టకెత్తి గుంతలో పూడ్చి
చేతులు కడుక్కుని వచ్చి
లేవబోయి తూలిన దూడని చూసి
“పావం” అంది.
పాపం కాదు. పావం.
అత్త నోటి మాట,
ఒక్క అక్షరం మారిన నకలు.

తిరుగుబస్సులో పిక్క మీద దురద.
చూస్తే, అంటుకుని ఉంది,
ఇంకా ఉబ్బలేదు.
పక్కసీటావిడ “ఏంది మే అది?” అంది.
“ఉన్ని” అన్నాను,
ఆలోచించకుండానే.