కుడిచేతి వైపు సముద్రం

సూర్‌లో బయల్దేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర.
"ఇంటికెళ్ళగానే మిస్‌డ్ కాల్ ఇవ్వరా దాసూ,
రెండు రింగులు చాలు" అంది రాహేలత్త
గేటు లోపలే నిలబడి,
ఇంకా ఫోను బిల్లుకి భయపడే రోజుల్లోనే ఉన్నట్టు.
ఏ ఇంటికో ఆవిడ అనలేదు, నేను అడగలేదు.
రువీలో మూడో అంతస్తు, ఆరు మంచాల గది.
దాన్నే ఇల్లనుకుని ఇద్దరం సర్దుకున్నాం.

బండి కంపెనీది.
వెనక పెట్టె మీద నవ్వుతున్న కోడిపుంజు బొమ్మ.
రోజూ ఎవరి ఆకలో అందులో కూర్చుని
నా వీపుకి ఆవిరి తగిలిస్తుంది.
ఇవాళ దాన్లో సొరచేప పులుసు.
చింతపండు దొరకని మొదటి రెండేళ్ళూ
ఎండి నల్లబడ్డ నిమ్మకాయలు చిదిమి వేసేదట.
ఇప్పుడు సందు చివరి కొట్లోనే చింతపండు అమ్ముతారు.
అయినా కొనదు.
"ఆ పులుపు నాలిక మర్చిపోయిందిరా" అంది,
బాధగా కాదు, పద్దు చెప్పినట్టు.

ఖల్హాత్ దాటుతుంటే గ్యాసు ఫ్యాక్టరీ మంట
కొండ నల్లటి చెంప మీద ఊగుతోంది.
ఆ వెలుతురులో మీటరు చూసుకున్నాను.
రేపు సూపర్‌వైజరు అడుగుతాడు, నాలుగొందల కిలోమీటర్లు ఎక్కడికని.
మా మేనత్తని చూడ్డానికి అంటే
మేనత్తకి హిందీలో ఏమంటారో వెతుక్కోవాలి.

ఆవిడ ఇల్లు దాటినప్పుడు నాకు నాలుగేళ్ళు.
ఇరవై రెండేళ్ళుగా ఒకే వంటగది.
అరబ్బీలో మాట్లాడితే గొంతు పెద్దది అత్తకి.
ముసలి యజమానురాల్ని కసురుతుంది,
కాలేజీకెళ్ళే షమ్సాకి జడ లాగి నవ్వుతుంది.
తెలుగులోకి వచ్చేసరికి
తల వంచుకుని, పమిట లేకపోయినా సర్దుకుంటూ
ఆ రోజు బస్సెక్కిన ఇరవై ఆరేళ్ళ మనిషి.
"పంటు టిక్కెట్టు ఇంకా రెండ్రూపాయలేనా?" అంది.
పంటు లేదత్తా, వంతెన పడింది.
కాసేపు చేతిగుడ్డ మడతపెట్టింది, విప్పింది.
"మరి పంటు నడిపే సత్తియ్య?"
నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

ఫిన్స్ దగ్గర ఒంటెలు రోడ్డెక్కాయి.
ఇంజను ఆపాను.
తారు ఇంకా వెచ్చగా ఉందేమో, ఒకటి అక్కడే కూలబడింది.
కుడిచేతి వైపు సముద్రం
కనపడదు, నములుతున్నట్టు చప్పుడు మాత్రం.
ఇది మన సముద్రం కూడా కాదు.
ఇది దాటి, ఒక దేశం అడ్డకొలతంతా దాటితే గానీ మన నీళ్ళు రావు.
హారన్ కొట్టబుద్ధి కాలేదు.

ఆ తర్వాత వాగులు. వాగులంటే గులకరాళ్ళే,
పక్కన ఎరుపూ తెలుపూ గీతల కర్రలు,
ఎప్పుడో ఓ గంట వచ్చే నీళ్ళకి లోతు కొలవడానికి.
గోదారి పక్కన పుట్టినోడికి నవ్వొచ్చే సంగతి.
నవ్వలేదు.
రాదని తెలిసినా
కర్ర పాతి ఉంచేవాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారు.

ఖురియాత్ బంకులో పెట్రోలు, కరక్ చాయ్.
పెట్టె తెరిస్తే పులుసు వాసనకి
పంపు దగ్గరి చిట్టగాంగ్ కుర్రాడు వచ్చి నిలబడ్డాడు.
"ఎవరి ఆర్డరు భాయ్?"
"నాదే."
నమ్మలేదు. రొట్టె రెండుగా చింపి ఇచ్చాక నమ్మాడు.
పులుపుకి ఒక కన్ను మూసుకుని
వాళ్ళమ్మ ఇలాగే చేస్తుందన్నాడు.
అబద్ధమే అయ్యుంటుంది. ఇంకో ముక్క వేశాను.

చివరి కొండ దిగాక మస్కట్ దీపాలు.
చేతులు హ్యాండిల్ ఆకారంలోనే బిగుసుకుపోయి
తాళం తీయడానికి రెండుసార్లు తడబడ్డాయి.
గదిలో అందరూ నిద్ర.
ఏసీ కింద బకెట్టులో బొట్టు, బొట్టు.
మెట్ల మీద కూర్చుని కాల్ చేశాను.
ఒక రింగు.
రెండోది సగంలో ఉండగానే ఎత్తేసింది.
"ఖలాస్, పెట్టెయ్, బిల్లవుద్ది" అంది.
పెట్టలేదు తను. ఊపిరి వినపడుతోంది.

"ఒరే దాసూ,
ఆ సత్తియ్య సంగతి
ఎవర్నైనా కనుక్కుంటావా?"