ఉప్పు చెప్పింది

బమ్మిడి దాలమ్మ, యాభై రెండు, నౌపడ ఉప్పు కొఠార్లు.
చీటీ మీద డాక్టరు గారి గీత: రెండు కాళ్ళూ, నరాల పరీక్ష.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పాత భవనం, ఎత్తు గడప గది.
ఫ్యాను ఆపాను.
అది తిరుగుతుంటే తెర మీద గీత వణుకుతుంది.

"గాజు పెంకు దిగింది బాబూ, నాకు తెల్దు.
రెండు తట్టలు మోసీసినాను.
ఎనక్కి సూత్తే తెల్లటి ఉప్పులో ఎర్రగా అడుగులు.
కాలు సెప్పనేదు,
ఉప్పు సెప్పింది."

చీలమండ మీద స్పిరిటు దూది, పైన చల్లటి బిళ్ళ.
"కరెంటెడతావా?" కాలు లాక్కుంది.
నీలో ఉన్నదేనమ్మా, కదిపి చూస్తానంతే.

ఎలా చెప్పను?
సబ్బు బుడగ కన్నా పల్చటి కొవ్వు గట్టు.
గట్టుకి బయట సోడియం, ఉప్పులోనిది, కిక్కిరిసి.
లోపల పొటాషియం.
అది ఒక్కొక్క రేణువే బయటికి జారుతూ
తన ఆవేశాన్ని మూటగట్టుకు పోతుంది.
లోపల మిగిలేది లోటు.
డెబ్భై మిల్లీవోల్టులు,
టార్చి బ్యాటరీలో ఇరవయ్యో వంతు.
ఆ లోటే నరానికి పెట్టుబడి.

దాలమ్మ నవ్వింది. "మా మడే కదేటి!
గట్టుకటు పోటు నీరు, ఇటు కాళీ మడి.
గట్టు తెగితే ఇంకేటుంది, అంతా ఒక్కటే నీరు."
అంతా ఒక్కటే నీరైతే దాన్నే చావంటారని
నేను అనలేదు.

పొర నిండా తూములు, మూసినవి.
ముల్లు గుచ్చుకుంటే లోటు కాస్త తగ్గుతుంది.
యాభై అయిదు దగ్గర ఒక గడప.
ఇవతల ఎంత కదిలినా ఊరికి కబురు లేదు.
దాటితే
తూములన్నీ ఒక్కసారే,
సోడియం పోటెత్తి లోపలికి,
లోటు పూడి, మిగులై,
సెకనులో వెయ్యో వంతు.
సగం కేక లేదు, పావు కేక లేదు.
అంతలోనే తూము తనంతట తానే బిగుసుకుంటుంది,
పొటాషియం బయటికి నడుస్తుంది, మడి మళ్ళీ మొదటికి.
కానీ పక్క తూముకి కబురు అందిపోయింది,
దానికి దాని పక్కదానికి,
బొటనవేలి నుంచి నడుముకి, నడుము దాటి తలకి.

"మరి వొచ్చీసిన ఉప్పుని ఎవలు తోడతారు?"

చదువుకోడానికొచ్చే పిల్లలెవరూ నన్నడగని మాట.
ఉన్నారమ్మా, పొరలోనే కూలీలు.
మూడు సోడియం బయటికి మోసి
రెండు పొటాషియం లోపలికి తెస్తారు, రాత్రీ పగలూ.
నువ్వు తాగిన గంజిలో బోలెడు వాళ్ళ కూలికే.
"మూడు మోత్తే రెండేనా?
మా మేస్త్రీ లెక్కే."

బటను నొక్కాను.
గీత లేచింది, ఆలస్యంగా, పొట్టిగా.
సెకనుకి నలభై మీటర్లు దాటాల్సింది
ముప్పై ఒకటి.
అరికాలి నరం దగ్గర లేవనే లేదు.
మళ్ళీ నొక్కాను. మళ్ళీ.
చదును. ఎండిన మడి.

"తూము పూడిపోనాదా? పూడిక తీసీ మరి."

చక్కెర పరీక్ష అని రాశాను.
చెప్పుల్లేకుండా దిగొద్దని రాశాను,
ఉప్పు నీట్లో ఏ చెప్పు ఎన్నాళ్ళుంటుందో తెలియక.
పూడిక తీసే పార
నా గదిలో లేదు.

జెల్ తుడిచిన దూది తనే ఏరి బుట్టలో వేసింది.
గుమ్మం దగ్గర ఆగి కిందికి చూసింది,
కాలు ఎక్కడుందో కంటితో వెతికి
ఎత్తి
గడప దాటించింది.

ఫ్యాను వేశాను.